కొరియా ప్యాలెస్ తెలిసిన పిల్లలకు మన ఖిలా తెలుసా?

సోషల్ స్టడీస్ పేజీ – 7 నుంచి 10వ తరగతి వరకు చదువుతున్న పిల్లల తల్లిదండ్రుల కోసం



ఈ మధ్య మీ ఇంట్లో కూడా కొరియన్ సీరియల్స్ నడుస్తూ ఉండవచ్చు. మన పిల్లలు గ్యోంగ్‌బోక్‌గుంగ్ అన్న పేరును తడబడకుండా పలుకుతున్నారు. అది సియోల్ నగరంలోని రాజప్రాసాదం. అక్కడ రాజు ఎక్కడ కూర్చుంటాడో, రాణి ఏ రంగు బట్టలు వేసుకుంటుందో కూడా చెబుతారు. ఇందులో తప్పేమీ లేదు. ఇంకో దేశం చరిత్ర మీద ఆసక్తి కలగడం మంచిదే.

అయితే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు క్లాసులో నన్ను సూటిగా అడిగిన ప్రశ్న ఇది: "మేడమ్, వాళ్ల రాజులకు ప్యాలెస్ ఉంది, అందులోనే మ్యూజియం కూడా ఉంది. మన కాకతీయుల ప్యాలెస్ ఎక్కడుంది?"

టెక్స్ట్ బుక్‌లో ఒక్క వాక్యంలో దొరికే జవాబు కాదు ఇది. హనుమకొండ చౌరస్తా నుంచి అటూ ఇటూగా పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖిలా వరంగల్‌కు వెళ్లి, నిలబడి, చూసి వెతుక్కోవలసిన జవాబు. ఈ నెల పాఠం అదే.

సియోల్‌లో ఉన్నది ఎంత పాతది?

కొరియాలో జోసెయోన్ వంశం 1392లో మొదలైంది. మూడేళ్ల తరువాత, 1395లో గ్యోంగ్‌బోక్‌గుంగ్ కట్టారు. సింహాసనం ఉండే పెద్ద మందిరం ముందు రాతి పలకలు పరిచిన వాకిలి ఉంటుంది. ఆ వాకిట్లో రెండు వరుసల్లో చిన్న చిన్న రాళ్లు నిలబెట్టి ఉంటాయి. ఏ హోదా ఉద్యోగి ఏ రాయి దగ్గర నిలబడాలో వాటి మీద చెక్కి ఉంటుంది. సింహాసనం వెనుక సూర్యుడు, చంద్రుడు, ఐదు శిఖరాలు ఉన్న చిత్రాల తెర ఉంటుంది. సీరియల్‌లో మన పిల్లలు చూసేది ఈ తెరనే.

ఇప్పుడు అసలు విషయం. ఆ ప్యాలెస్ కలపతో కట్టినది. 1592లో జపాన్ దండయాత్ర సమయంలో అది కాలిపోయింది. దాదాపు 270 ఏళ్లు ఆ స్థలం శిథిలంగానే ఉంది. 1860లలో మళ్లీ కట్టారు. 1910లో కొరియా జపాన్ పాలన కిందికి వెళ్లాక చాలా భవనాలు తొలగించారు. 1926లో సింహాసన మందిరం ముందే జపాన్ ప్రభుత్వ కార్యాలయం లేచింది. ఆ కార్యాలయాన్ని కొరియా వాళ్లు 1995లో కూల్చడం మొదలుపెట్టారు. 1990లో మొదలైన పునర్నిర్మాణం ఏళ్ల తరబడి సాగుతూ వచ్చింది. ప్రధాన ద్వారం పునర్నిర్మాణం పూర్తయింది 2010లో.

అంటే సీరియల్‌లో మెరిసే ఆ ప్యాలెస్‌లో 1395 నాటి భవనం ఒక్కటీ లేదు. పోయినదాన్ని ఒక జాతి ఓపికగా మళ్లీ నిలబెట్టుకుంది. ఆ ఆవరణలోనే ఉన్న జాతీయ ప్యాలెస్ మ్యూజియంలో రాజముద్రలు, దుస్తులు, 1395లో రాతి మీద చెక్కిన ఆకాశ పటం, సెజోంగ్ రాజు కాలపు నీటి గడియారానికి నమూనా ఉన్నాయి. ప్యాలెస్‌కు హన్‌బోక్ వేసుకుని వెళ్లేవాళ్లకు టికెట్ లేదు. అందుకే అక్కడి పిల్లలు స్నేహితులతో కలిసి పండుగకు వెళ్లినట్టు వెళతారు.

ఖిలాలో నిలిచినది, పోయినది

ఇక మన దగ్గరకు వద్దాం. కాకతీయుల మొదటి రాజధాని మన హనుమకొండే. వేయిస్తంభాల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించాడు. తరువాత గణపతిదేవుడి కాలంలో రాజధాని ఓరుగల్లుకు మారింది. ఆయన 1199 నుంచి 1262 వరకు పాలించాడు. ఆయన మొదలుపెట్టిన కోటను కూతురు రుద్రమదేవి బలపరిచింది. పెద్ద పెద్ద నల్లరాతి దిమ్మెలను సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడ, దానికి 45 బురుజులు, గోడ చుట్టూ అగడ్త, అగడ్తకు అవతల మట్టికోట. గోడ లోపలి వైపు సైనికులు ఎక్కడానికి వరుసగా రాతి మెట్లు. ద్వారం దగ్గర దారి నేరుగా లోపలికి పోదు, మలుపు తిరుగుతుంది. ఏనుగులు, గుర్రాలు వేగంగా దూసుకురాకుండా చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు మన బైకులు కూడా అక్కడ వేగం తగ్గించక తప్పదు. పిల్లలకు ఆ మలుపు దగ్గర బండి ఆపి చూపించండి, యుద్ధతంత్రం రెండు నిమిషాల్లో అర్థమవుతుంది.

కోట నడిమధ్యలో స్వయంభూ శివాలయం ఉండేది. గుడి పడిపోయింది. దాని నాలుగు దిక్కులా నిలబెట్టిన నాలుగు కీర్తి తోరణాలు మాత్రం నిలిచాయి. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు రూపొందిన రాష్ట్ర చిహ్నంలో చార్మినార్‌తో పాటు ఉన్నది ఈ తోరణమే. పిల్లల సోషల్ పుస్తకం అట్ట మీద, బస్సు మీద, ఆఫీసు కాగితం మీద రోజూ చూసే బొమ్మ నిజంగా ఎంత ఎత్తు ఉంటుందో చాలామందికి తెలియదు.

మరి ప్యాలెస్? కాకతీయుల రాజనగరు భవనం ఏదీ ఈరోజు నిలిచి లేదు. మన దేశంలో ఆ కాలంలో రాయి ఎక్కువగా దేవుడి గుడికి, కోటగోడకు వాడేవాళ్లు. మనుషులు ఉండే ఇళ్లకు, రాజుల నివాసాలకు కూడా కలప, ఇటుక, మట్టి ఎక్కువగా వాడేవాళ్లు. హంపీకి వెళ్లినవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. అక్కడ గుళ్లు నిలిచి ఉంటాయి, రాజభవనాలకు మాత్రం ఎత్తైన రాతి అరుగులే మిగిలాయి. కలప కాలుతుంది, చెదలు పడుతుంది, మట్టి కరుగుతుంది. సియోల్‌లోనూ కాలిపోయింది కలపే. తేడా ఏమిటంటే అక్కడ అదే వంశం ఇంకా పాలనలో ఉండగా మళ్లీ కట్టుకుంది. ఇక్కడ 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును గెలిచింది, ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు, కాకతీయ వంశ పాలన ముగిసింది. మళ్లీ కట్టడానికి రాజు లేడు.

ఆ అమ్మాయి ప్రశ్నకు సగం జవాబు ఇది. మిగతా సగం ఖుష్ మహల్ దగ్గర ఉంది.

ఖుష్ మహల్ ఎవరిది?

తోరణాలకు కొంచెం దూరంలోనే ఎత్తైన కమానులతో ఒక పెద్ద హాలు నిలబడి ఉంటుంది. అదే ఖుష్ మహల్. కోటలో దొరికిన కొన్ని శిల్పాలను ఇందులో ఉంచారు. కాబట్టి మనకూ రాజమందిరంలోనే ఒక చిన్న మ్యూజియం ఉన్నట్టే. కానీ అది కాకతీయులది కాదు.

దీన్ని షితాబ్ ఖాన్ కట్టించాడని స్థానికంగా చెబుతారు. ఆయన 16వ శతాబ్దం మొదట్లో ఓరుగల్లును పాలించినవాడు. అసలు పేరు సీతాపతి. తెలుగువాడు, పర్షియన్ బిరుదు పెట్టుకున్నాడు. అయితే కట్టడాలను పరిశోధించిన పండితులు ఇంకో మాట అంటారు. ఈ భవనం గోడలు నిటారుగా ఉండవు, కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. ఢిల్లీలో తుగ్లక్ సుల్తానుల కట్టడాల తీరు అదే. కాబట్టి ఇది 14వ శతాబ్దంలో, ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టిన కాలంలో కట్టిన దర్బారు హాలు కావచ్చునని వాళ్ల అభిప్రాయం.

పిల్లలకు ఈ రెండు మాటలూ చెప్పండి. ఏది కరెక్టో చెప్పవద్దు. గోడ దగ్గర నిలబెట్టి, దారానికి ఒక రాయి కట్టి పైనుంచి వేలాడదీయమనండి. దారానికీ గోడకూ మధ్య కిందకు పోయేకొద్దీ దూరం తగ్గిపోవడం వాళ్లే చూస్తారు. తాపీమేస్త్రి గుండు కట్టి గోడ చూసే పద్ధతే ఇది. ఒక అభిప్రాయానికి ఆధారం అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. పరీక్షల్లో ఇప్పుడు "కారణాలు వివరించండి", "మీ అభిప్రాయాన్ని సమర్థించండి" అన్న ప్రశ్నలు పెరుగుతున్నాయి. వాటికి కావలసిన అలవాటు ఇదే.

స్నేహితులతో ఎందుకు?

పోయిన చలికాలంలో ఒక ఆదివారం ఉదయం తొమ్మిదో తరగతి పిల్లలు ఐదుగురు, వాళ్లలో ఒకరి నాన్నగారు, నేను కలిసి ఖిలాకు వెళ్లాం. కుటుంబంతో వెళ్లినప్పుడు పిల్లలు మన వెనుక నడుస్తారు. స్నేహితులతో వెళ్లినప్పుడు ముందు నడుస్తారు. ఆ తేడా అక్కడ స్పష్టంగా కనబడింది.

లోపలికి వెళ్లగానే ఒక అబ్బాయి, "ఏముంది మేడమ్ ఇక్కడ, అన్నీ విరిగిన రాళ్లే కదా" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. వాడి స్నేహితురాలు చెప్పింది. నేల మీద పేర్చిన రాళ్లలో హంసల వరుస చెక్కిన ముక్క ఒకటి చూపించి, "ఇదెక్కడిదో కనుక్కో చూద్దాం" అంది. వాడు అరగంట తిరిగాడు. ఆఖరికి తోరణం కింద నిలబడి తలెత్తి, "పైన కూడా హంసలే ఉన్నయి!" అని అరిచాడు. ఆ తరువాత విరిగిన రాళ్లు అన్న మాట వాడి నోట రాలేదు. ప్రతి ముక్కా ఎక్కడిదో వెతకడం మొదలుపెట్టారు అందరూ.

బయట జామకాయలు అమ్ముతున్న పెద్దావిడ, "యే ఊరు బిడ్డా మీది?" అని అడిగింది. "హనుమకొండనే అమ్మమ్మా" అన్నారు. "హనుమకొండ పిల్లలు గిప్పుడొచ్చిండ్రా సూడనీకి! గా దూరదూరపోళ్లు బస్సులేసుకొని వస్తున్నరు" అంది. పిల్లలు నవ్వేశారు. మనం కూడా ఆ మాట మీద కాస్త ఆలోచించాలి.

ఇంకొక విషయం మీతో పంచుకోవాలి. పడిపోయిన గుడి మధ్యలో నిలబడ్డప్పుడు, పక్కన వేరే గుంపుకు ఎవరో చెబుతున్న మాటలు మా పిల్లల చెవిన పడ్డాయి. "వాళ్లొచ్చి పగలగొట్టిండ్రు" అంటున్నారు. మా ఐదుగురిలో ఒక ముస్లిం అబ్బాయి ఉన్నాడు. అప్పటిదాకా అందరికంటే ఎక్కువ మాట్లాడుతున్నవాడు మాట్లాడటం ఆపేశాడు. మిగతా నలుగురూ అది గమనించారు. ఏం చేయాలో తెలియక నా వైపు చూశారు.

గుడి పడిపోయిన మాట నిజమే. దాన్ని దాచిపెట్టనవసరం లేదు. కానీ చరిత్రలో "వాళ్లు" అన్న పేరుతో ఎవరూ లేరు. అందుకని పిల్లలతో ఒక ఆట మొదలుపెట్టాను: "వాళ్లు" అన్న మాట వాడకూడదు, పేరు, సంవత్సరం చెప్పాలి. 1310లో ముట్టడించింది ఎవరు? అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్. 1323లో గెలిచింది ఎవరు? తుగ్లక్ యువరాజు ఉలుగ్ ఖాన్, తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా సుల్తాను అయినవాడు. ఖుష్ మహల్‌కు పేరు కలిసిన షితాబ్ ఖాన్ ఎవరు? సీతాపతి. పేర్లు వచ్చేసరికి కథ మారింది. ఏడు వందల ఏళ్ల కిందటి ఒక రాజు చేసిన పని ఆ రాజుదే అయింది, పక్కన నిలబడ్డ స్నేహితుడిది కాకుండా పోయింది. ఆ అబ్బాయే చివరికి, "మేడమ్, మరి ఈ నాలుగు తోరణాలు ఎందుకు పడలేదు?" అని అడిగాడు. మేము ఆ రోజు విన్న ప్రశ్నల్లో మంచిది అదే. తోరణాల మీద దేవుళ్ల బొమ్మలు లేకపోవడమే కారణమని కొందరంటారు. మీ పిల్లలు ఏమంటారో అడిగి చూడండి.

ఈ మాట ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. మన పిల్లలు చరిత్రను ఫోన్‌లో వచ్చే చిన్న వీడియోల్లో కూడా వింటున్నారు. అక్కడ ఎక్కువగా వినిపించేది "వాళ్లు", "మనవాళ్లు" అన్న మాటలే. పేరు, సంవత్సరం, ఆధారం అడిగే అలవాటు ఒక్కటి చేస్తే చాలు, పిల్లలు మోసపోరు, స్నేహితులను పోగొట్టుకోరు.

మీరు ఎలా తీసుకెళ్లాలి?

వెళ్లే ముందు: నలుగురైదుగురు పిల్లలు, ఒకరిద్దరు పెద్దవాళ్లు ఉంటే సరిపోతుంది. ఒక్కొక్కరికి ఒక పని ఇవ్వండి. ఒకరు కొలవాలి, ఒకరు బొమ్మ గీయాలి, ఒకరు నోట్స్ రాయాలి, ఒకరు అక్కడివాళ్లను ప్రశ్నలు అడగాలి, ఒకరు ఫోటోలు తీయాలి. ఫోన్ ఆ ఒక్కరి దగ్గరే ఉండాలి. నీళ్లు, టోపీ, టేపు, దారం, ఒక మీటరు కర్ర తీసుకెళ్లండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకు ప్రవేశ టికెట్ ఉండదు.

అక్కడ: తోరణం ఎత్తు నీడతో కొలవమనండి. మీటరు కర్రను ఎండలో నిటారుగా నిలబెట్టాలి. దాని నీడ 80 సెంటీమీటర్లు వచ్చింది అనుకుందాం. అదే సమయంలో తోరణం నీడ 7 మీటర్ల 20 సెంటీమీటర్లు వస్తే, 7.2ను 0.8తో భాగించాలి. ఎత్తు 9 మీటర్లు అవుతుంది. పదో తరగతిలో వచ్చే సరూప త్రిభుజాల పాఠం ఇదే. రెండు కొలతలూ ఒకే సమయంలో తీసుకోకపోతే లెక్క తప్పుతుంది, ఎందుకో పిల్లలనే చెప్పనివ్వండి.

ఒక జాగ్రత్త: రాళ్ల మీద పేర్లు రాయడం, గీయడం, శిల్పాలు ఎక్కి ఫోటోలు దిగడం చేయనివ్వవద్దు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 2 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండే చట్టం ఉంది. చట్టం మాట ఎలా ఉన్నా, ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన రాయి మీద మన పేరు అవసరం లేదని పిల్లలకు చెబితే అర్థం చేసుకుంటారు.

వచ్చిన తరువాత: ఒక తెల్ల కాగితం మీద మూడు గడులు గీయమనండి. మొదటి దానిలో నేను చూసినది, రెండో దానిలో నేను విన్నది, మూడో దానిలో నాకు ఇంకా తెలియనిది. చూసినదీ విన్నదీ కలిపేయకుండా రాయడమే ఇందులో అసలు పని. మూడో గడి ఖాళీగా ఉంటే ఇంకోసారి వెళ్లాలని అర్థం.

వీలుంటే అదే వారం సాయంత్రం వేయిస్తంభాల గుడికి కూడా తీసుకెళ్లండి. అక్కడి కల్యాణ మంటపాన్ని 2006లో రాయి రాయిగా విప్పి, మళ్లీ పేర్చి, 2024లో తెరిచారు. సియోల్‌లో జరిగినట్టే ఇక్కడా పోతున్నదాన్ని నిలబెట్టుకునే పని జరుగుతోంది. పాత రాయి ఏది, కొత్తగా చేర్చిన రాయి ఏది అని పిల్లలు రంగు చూసి వెతకవచ్చు.

ఈ నెల పదాలు

ఇంగ్లిష్‌లో మోట్ అంటే మనం అగడ్త అంటాం, కందకం అన్నా అదే. బాస్టియన్ అంటే బురుజు. ఆర్చ్ అంటే కమాను. గేట్‌వే అన్న మాట తోరణానికి పూర్తిగా సరిపోదు, ఎందుకంటే కీర్తి తోరణానికి తలుపులు ఉండవు. ఇన్‌స్క్రిప్షన్ అంటే శాసనం. ఎవిడెన్స్ అంటే ఆధారం. ఈ ఆరు పదాలతో రెండు భాషల్లోనూ ఒక్కొక్క వాక్యం రాయించండి.

"ఆదివారం ట్యూషన్ పోతుంది కదా మేడమ్" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. వాళ్ల ఆందోళన నాకు అర్థమవుతుంది. ఫీజు కడుతున్నాం, మార్కులు రావాలి. ఖిలాలో గడిపే మూడు గంటల్లో సోషల్, లెక్కలు, రెండు భాషలు అన్నీ ఉన్నాయి. దానితో పాటు, పక్కవాడి మౌనాన్ని గమనించడం కూడా నేర్చుకుంటారు. దానికి మార్కులు వేసే పరీక్ష ఇంకా రాలేదు.

మీ పిల్లలు నింపిన మూడు గడుల కాగితాన్ని వచ్చే నెల 10వ తేదీలోపు క్లాస్ టీచర్‌కు పంపించండి. మంచి ప్రశ్నలను, ముఖ్యంగా మూడో గడిలోని వాటిని, వచ్చే సంచికలో ప్రచురిస్తాం.